చెప్పింది చెప్పినట్టు

"చేతులు ముందరికి చాపు మునిశామప్పా. వేళ్ళు ఎడంగా పెట్టు."

మునిశామప్ప మంచం అంచున కూర్చుని రెండు చేతులూ చాపాడు. అమోసు పాత పేపర్లోంచి ఒక కాగితం చింపి ఆ చేతుల మీద పరిచి, గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. కాగితం సన్నగా చప్పుడు చేస్తూ వణికింది. కొంచెం కొంచెంగా కుడిపక్కకు జరిగి, మోకాలి మీదుగా నేల మీద పడింది.

"పదకొండు సెకండ్లు. నిన్న మూడు గూడా నిలబళ్ళేదు," అన్నాడు అమోసు. మంచానికి తగిలించిన అట్ట మీద అంకె రాశాడు.

మునిశామప్ప చేతులు చంకల్లో దోపుకుని గోడవైపు తిరిగాడు. "నిలబడితే ఏమప్పా, నిలబడకుంటే ఏమి," అన్నాడు.

క్యాసంబళ్ళిలో పట్టుపురుగులు మేపే రైతు అతను. యాభై దాటాయి. తాగుడు మాన్పించే ఈ సెంటరుకు రావడం మూడోసారి. మొదటిసారి వెళ్ళి ఐదు నెలలు తాగకుండా ఉన్నాడు. రెండోసారి తొమ్మిది వారాలు. ఈసారి నెత్తురు కక్కుకుని పెద్దాసుపత్రిలో ఆరు రోజులు పడుకుని, అక్కడినుంచి నేరుగా ఇక్కడికి వచ్చాడు. డాక్టరు అతని పెళ్ళాం చిన్నవెంకటమ్మను వరండాలోకి పిలిచి, "ఇంకోసారి ఇట్ల కక్కితే మనిషి దక్కడమ్మా," అని చెప్పినప్పుడు అమోసు పక్కనే ఉన్నాడు. ఆమె కొంగు చివర ముడి విప్పి, మళ్ళీ వేసుకుంది.

సెంటరు ఒకప్పుడు బంగారు గని ఆఫీసరు ఉన్న బంగళా. పది మంచాలు వేసిన హాలు కిటికీల్లోంచి, బంగారం తీశాక మిగిలిన రాతిపొడి గుట్ట, సైనైడు దిబ్బ కనిపిస్తుంది. గాలి లేచిన రోజు దాని మీది తెల్లటి దుమ్ము పక్కల మీద, నీళ్ళ చెంబుల్లో, తినే అన్నంలో పడుతుంది. అమోసు పొద్దున రాగానే చేసే మొదటి పని కిటికీ గట్లన్నీ తడిగుడ్డతో తుడవడం. కౌన్సిలర్ అయినాక కూడా ఆ పని అటెండరుకు వదల్లేదు. హాలు గోడ మీద నల్లబోర్డు ఉంది. ఇక్కడ చేరి మానేసినవాళ్ళ పేర్లు, పక్కన ఎన్నాళ్ళయిందో సుద్దముక్కతో రాసి ఉంటుంది. అందరికంటే పైన 'అమోసు, 9 సంవత్సరాలు'.

మధ్యాహ్నం రాయ్ పిలిచాడు. రాయ్ సెంటరుకు ఇన్‌చార్జి. ముప్పై ఐదేళ్ళవాడు, మర్యాదస్తుడు. బల్ల మీద ఫారం పెట్టుకుని కూర్చున్నాడు.

"శుక్రవారం బెంగళూరు నుంచి పరీక్షకు వస్తారు అమోసూ. రామచంద్ర అని, పెద్దాయన. మీరు ఒక పేషెంటుతో మాట్లాడుతుంటే పక్కన కూర్చుని చూస్తారు. అదొక్కటే మిగిలింది. రాత పరీక్ష పాసయినారు, మూడు వందల గంటల లాగ్‌బుక్కూ నిండింది. వచ్చే నెల నుంచి లైసెన్సు లేనివాళ్ళని కౌన్సిలర్ కుర్చీలో కూర్చోపెట్టరాదు. మిమ్మల్ని పోగొట్టుకుంటే నాకు చెయ్యి విరిగినట్టే."

"ఈ నాలుగో పేజీ ఏమి సార్?"

"అదా. ఒకప్పుడు తాగినవాళ్ళకి మాత్రం. వరసగా రెండేళ్ళు ముట్టలేదని మీరు ఒప్పుకోలు రాయాలి, ఇంట్లోవాళ్ళు ఒకరు సాక్షి సంతకం పెట్టాలి. మీకు తొమ్మిదేళ్ళు. రెండేళ్ళేం లెక్క?"

"మీరూ నింపినారా సార్ ఇది?"

రాయ్ నవ్వాడు. "నాకెందుకు? నేనెప్పుడూ పేషెంటును కాదు కదా. అడ్డంగా ఒక గీత కొట్టేసినాను."

శనివారాలు రాయ్ బెంగళూరు వెళ్ళి స్నేహితులతో కూర్చుని రెండు బీర్లు తాగి వస్తాడని సెంటరులో అందరికీ తెలుసు. అతనెప్పుడూ దాచలేదు. దాచాల్సిన పనీ లేదు. అమోసు ఫారం మడిచి లాగ్‌బుక్కులో పెట్టుకున్నాడు.

అమోసు భార్య ఫిలోమినా రాత్రి ఎనిమిదిన్నర బండికి దిగింది. బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో ఆమె కుట్టు పని సరిచూస్తుంది. పొద్దున చీకటితో బండెక్కితే మళ్ళీ ఇంటికి వచ్చేది ఇప్పుడే. గని కూలీలకు కట్టిన లైన్లలో వాళ్ళది ఒంటిగది ఇల్లు, ముందర తడిక వసారా. కాళ్ళు కడుక్కుని వచ్చి, చీరకు అంటుకున్న దారపు ముక్కలు ఒక్కొక్కటే ఏరి పారేస్తూ కూర్చుంది. అమోసు అన్నం వడ్డించి, పళ్ళెం పక్కన ఫారం పెట్టాడు.

"ఏమిది?"

"సాక్షి సంతకం. నువ్వు పెట్టాల."

ఆమె భోజనం చేసి చెయ్యి కడుక్కుని, దీపం కిందికి జరిగి చదివింది. ఫారం కన్నడంలో ఉంది. ఒక్కొక్క మాటా పెదవులతో పలుకుతూ చదివింది. రెండోసారి మళ్ళీ మొదటినుంచి చదివింది.

"ఇది ప్రమాణమా?"

"అట్లనే అనుకో."

"ఎవురి ముందర?"

"లైసెన్సు ఇచ్చే బోర్డు ముందర."

ఆమె అతని మొహం వంక ఒకసారి చూసింది. అమోసు పళ్ళేలు తీసుకుని వసారాలోకి వెళ్ళాడు. బూడిదతో తోముతూ, లోపల పెన్ను కాగితం మీద కదిలే చప్పుడు కోసం చెవులు రిక్కించాడు. చప్పుడేమీ వినిపించలేదు. లోపలికి వచ్చేసరికి ఫారం గూట్లో ఉంది. కింద తెలుగు అక్షరాల్లో, గుండ్రంగా, ఫిలోమినా అని ఉంది.

ఆమెకు తెలియదనే అతను అనుకున్నాడు. పోయిన జూన్లో తన అన్న లియోను పాతిపెట్టిన రోజు సంగతి ఎవరికీ తెలియదు.

* * *

రామచంద్ర అరవై దాటిన మనిషి. మే నెలలో కూడా చేతుల్లేని స్వెటరు వేసుకున్నాడు. చేతిలో ఫ్లాస్కు, చంకలో పరీక్ష కాగితాల అట్ట. కౌన్సిలింగ్ గదిలో మూలకు కుర్చీ లాక్కుని కూర్చుని, "నేను ఇక్కడ లేననుకోండి," అన్నాడు.

అమోసు రెండు కుర్చీలూ సరిచేశాడు. ఎదురెదురుగా కాకుండా కొంచెం ఏటవాలుగా వేయాలని శిక్షణలో చెప్పారు. చేతులు కట్టుకోరాదు. సలహా ఇవ్వరాదు. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నలు వేయరాదు. అన్నిటికంటే ముఖ్యంగా, సొంత కథ చెప్పరాదు. గది మీది కాదు, వచ్చినవాడిది అని పాఠం చెప్పిన ఆమె పదేపదే చెప్పింది.

మునిశామప్ప వచ్చి కూర్చున్నాడు. మూలనున్న కొత్త మనిషిని చూసి, చూడనట్టు తల దించుకున్నాడు. పక్కన ఎవరైనా కూర్చుంటే ఇష్టమేనా అని అమోసు నిన్ననే అడిగాడు. ఎవరు కూర్చుంటే నాకేమప్పా అన్నాడతను.

"ఈ పొద్దు ఎట్ల ఉండావు?"

"ఉండాను."

"పోయిన తడవ ఇంటికి పొయ్యినాక తొమ్మిది వారాలు ఎట్ల జరిగిందో చెప్తావా?"

మునిశామప్ప గోడతో చెబుతున్నట్టు చెప్పాడు. "బాగానే జరిగె. పురుగులు నాలుగో జరం లేసినాయి, కడాసారి పొర ఇడిసి. పొద్దుమాపులూ ఆకు తరిగేది, ఎత్తేది, దానికే సరిపోతా ఉండె. మా ఆడది నాకి దగ్గిరగా కూర్చొని అన్నం పెడతా ఉండె. గూళ్ళు బాగా కట్టినాయి సారూ, ఆ తడవ. ఒగటీ చెడలేదు. ఆ సంతోషానికే తాగినాను. దుఃఖానికి గాదు."

"ఎంత తాగినావు, ఆ పొద్దు?"

"ఒగ పాకెట్టు. ఆ చిన్నది. దాంతో నిలిపింటే అయిపోతా ఉండె." అతను చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. "కానీ లోపలికి పొయినాక తెలిసె. తొమ్మిది వారాలూ పాయ కదా. ఇంగ కాపాడుకొనేకి ఏముండాది? కుండ పగిలినాక ఒగ పెంకైతే ఏమి, నూరు పెంకులైతే ఏమి. ఆ దినం నుంచి నిలపలేదు, నెత్తురు కక్కేదాకా."

"అప్పుడు మనసులో ఏమనిపించె?"

"ఏమనిపిస్తాది." అతను మొదటిసారి తలెత్తి అమోసును చూశాడు. "నువ్వు నన్నడిగేది బాగానే ఉండాది సారూ. నీకి తొమ్మిదేండ్లు. ఆ బోర్డు మింద దినామూ చూస్తా ఉండాను, పండుకొని. నువ్వు ఒగ మాట అనుకొన్నావు, నిలిపేసినావు. నీ మాదిరి మనిషి వేరే. నేను వేరే. మూడు తడవలు వచ్చినాను, మూడు తడవలూ సుమ్మనే, దండగ. నాకి చీటీ రాసిచ్చెయ్యి. ఇంటికి పోతాను."

"ఇంటికి పొయ్యి?"

"ఏముండాది. ఇంట్లోనే పోతాను."

అతను లేచాడు. ఇష్టం లేని మనిషిని ఆపే హక్కు సెంటరుకు లేదు. చీటీ అడిగితే రాసివ్వాలి. ఇలాంటప్పుడు ఏమనాలో శిక్షణలో నేర్పారు, రాత పరీక్షలోనూ వచ్చింది. అమోసు అదే అన్నాడు. "నీకి అట్ల ఎందుకు అనిపిస్తా ఉండాదో ఇంగ కొంచెం చెప్తావా?"

మునిశామప్ప వాకిట్లో విడిచిన చెప్పుల్లో కాలు పెట్టబోతున్నాడు. బొటనవేలు వారులో దూరడం లేదు. కాలు వణుకుతోంది. ఒకసారి పక్కకు పోయింది, రెండోసారి చెప్పు తిరగబడింది. వంగి చేత్తో సరిచేసుకోబోయి, తల తిరిగినట్టయి ద్వారబంధం పట్టుకున్నాడు. మూల నుంచి పెన్ను కాగితం మీద గీసిన చప్పుడు వినిపించింది.

"మునిశామప్పా, వచ్చి కూర్చో," అన్నాడు అమోసు. "నాకి తొమ్మిదేండ్లు కాదు."

మునిశామప్ప ద్వారబంధం వదలకుండానే తిరిగి చూశాడు.

"పోయిన జూన్లో మా అన్న లియో పాయ. గనిలో పని చేసినోడు, ఊపిరితిత్తుల్లో రాతిపొడి. మన్ను వేసినంక, గుంత తవ్వినోళ్ళకి తెచ్చిన పాకెట్లు ఒగ సంచిలో ఉండె. నేను ఒగటి తీసుకొని గోడ వెనక్కి పొయ్యినాను. తాగినాను. ఇంగొగటి తాగినాను. కోరమాండల్ స్టేషను బెంచీ మింద పొద్దు గూకేదాకా కూర్చొన్నాను, ఇంటికి పోలేక. మర్నాడు పొద్దన ఈడికే వచ్చి, నీ మాదిరోళ్ళ మంచాల దగ్గిర నిలబడి, తాగొద్దని చెప్పినాను."

"నిజమా?"

"నిజమే. కుండ పగిలిందని నేనూ అనుకొన్నాను. మూడు దినాలు అదే అనుకొన్నాను. నాలుగో దినం అంగడి ముందర దాకా పొయ్యి వచ్చేసినాను. ఎందుకు వచ్చేసినానో నాకి తెలీదు, అడగొద్దు. ఆ బోర్డు మింద అంకె తుడపాల్సింది. సిగ్గయ్యి తుడపలేదు. నాకి పదకొండు నెలలు మునిశామప్పా. నీకి జరిగిందే నాకి జరిగె."

పెన్ను చప్పుడు ఆగిపోయింది.

మునిశామప్ప నెమ్మదిగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అమోసు మొహంలోకి, ఏదో రాసి ఉన్నట్టు, చాలాసేపు చూశాడు.

"ఎవురికీ చెప్పలేదా?"

"నీకే."

"ఇంట్లో?"

"లేదు."

బయట అటెండరు నీళ్ళ డ్రమ్ము దొర్లిస్తున్న చప్పుడు. మునిశామప్ప గొంతు తగ్గించి, కొంచెం ముందుకు వంగి అడిగాడు. "ఆ రెండో దినం ఎట్ల ఉండె నీకి? పొద్దన లేస్తానే?"

"లేస్తానే నోరు ఎండిపోయి ఉండె."

"నాకీ అట్లనే," అన్నాడు మునిశామప్ప.

వాళ్ళు ఇంకా నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. అడిగిందంతా మునిశామప్పే.

* * *

రామచంద్ర వరండా మెట్ల మీద కూర్చుని ఫ్లాస్కు మూతలో కాఫీ పోసుకున్నాడు. అమోసు స్తంభం పక్కన నిలబడ్డాడు. ఎండకు దిబ్బ మీది తెలుపు కళ్ళలో పొడుస్తోంది.

"కూర్చోండి," అన్నాడు రామచంద్ర. "నిలబడి వినే మాటలు కావు."

అమోసు కింది మెట్టు మీద కూర్చున్నాడు.

"సొంత కథ చెప్పినందుకు నేను మార్కులు తగ్గించాలి. తగ్గిస్తాను. అయినా మీరు పాసే. ఆ మనిషి చెప్పులు వాకిట్లోనే వదిలి వచ్చి కూర్చున్నాడు, దానికి కాగితంలో కాలమ్ లేదు." ఆయన కాఫీ తాగి, మూత చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు. "కానీ నాలుగో పేజీ ఒకటుంది."

"తెలుసు సార్."

"మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. అయితే బెంగళూరు తెలుగు. ఈ పక్క మాట నాకు అంతగా పట్టుబడదు. మీరిద్దరూ వేగంగా మాట్లాడారు. అక్కడక్కడా కొన్ని మాటలు నాకు అందలేదని నేననుకుంటే, కాదనేవాళ్ళు ఎవరూ లేరు."

ఆయన అమోసు వైపు చూడలేదు. దిబ్బ వైపు చూస్తున్నాడు.

అమోసుకు మొదట ఏడుపు వచ్చినంత పనైంది. ఊఁ అంటే చాలు. ఊఁ అనక్కరలేదు కూడా, ఊరికే ఉంటే చాలు. కిటికీలోంచి హాలు కనిపిస్తోంది. మునిశామప్ప మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని, బోర్డు వైపు చూస్తున్నాడు. ఊరికే ఉంటే, ఇక రేపటి నుంచి ఆ మనిషి తన గుట్టు కాపాడాలి. చేతుల మీద కాగితం నిలవని మనిషి. బయటికి వెళ్ళాక ఎప్పుడైనా మళ్ళీ జారితే, అమోసు కూడా అబద్ధాల మీదే నిలబడ్డాడు కదా అనుకుని జారతాడు.

"మీకి ఈ పక్క మాట బాగానే వచ్చు సార్," అన్నాడు అమోసు.

రామచంద్ర మూతలో మిగిలిన కాఫీ మెట్ల పక్కన ఒలకబోసి, ఫ్లాస్కుకు బిగించాడు. అట్ట తీసి ఒడిలో పెట్టుకున్నాడు. "కింద సంతకం మీ భార్యది. ఆమెకు తెలుసా?"

"తెలీదు సార్. ఆ యమ్మ తప్పు ఏమీ లేదు. అది మాత్రం రాసుకోండి."

ఆయన రాసుకున్నాడు. రాసినంతసేపూ అమోసు ఆయన చేతి వంకే చూశాడు. "రెండేళ్ళు నిండాక మళ్ళీ అప్లికేషన్ పెట్టండి," అని లేచాడు రామచంద్ర. స్వెటరు గుండీలు సరిచేసుకుని, రాయ్ గదిలోకి వెళ్ళిపోయాడు.

* * *

ఆ రాత్రి అమోసు స్టేషనుకు ఎదురు వెళ్ళాడు. బండి దిగిన ఆడవాళ్ళ గుంపులో ఫిలోమినా అతన్ని చూసి ఆగిపోయింది. "ఎవురికేమాయ?" అంది. ఎవరికీ ఏమీ కాలేదన్నాడు. ఇద్దరూ పట్టాల వెంట నడిచారు. 

ఇంట్లో ఆమె అలవాటు ప్రకారం చీర మీది దారాలు ఏరుకుంటూ కూర్చుంది. అమోసు నిలబడే చెప్పాడు. లియోను పాతిపెట్టిన రోజు సంగతి చెప్పాడు, మునిశామప్ప సంగతి చెప్పాడు, లైసెన్సు రాదని చెప్పాడు. దారాలు ఏరే చెయ్యి ఆగలేదు.

"తెలుసు," అంది ఫిలోమినా.

"ఏం తెలుసు? రాయ్ సారు ఫోన్ చేసినాడా?"

"ఆ దినం తాగినావని తెలుసు. నీ చొక్కా ఉతికింది ఎవురు? పెండ్లయినప్పట్నించి ఉతకతా ఉండాను. సమాధి మన్ను వాసన ఏదో, అది ఏదో నాకి తెలీదా?"

అమోసు గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. "మరి ఎందుకు అడగలేదు?"

"అడిగితే అవునంటావని."

పక్కింట్లో కుక్కరు కూసింది. ఆమె ఎర్రదారం ఒకటి వేలికి చుట్టి, విప్పి, పారేసింది.

"తెలిసే సంతకం పెట్టినావా?"

"రెండు తడవలు చదివి పెట్టినాను. నాకి తెలిసినంతవరకు తాగలేదు అని ఉండాది దాంట్లో. నాకి తెలుసు. నా పేరు రాసి అబద్ధం రాసినాను. రేపు శనివారం చర్చి గుడికి పొయ్యి ఫాదరు సామి దగ్గిర తప్పు ఒప్పుకొని పాపసంకీర్తనం చెప్పుకొందామనుకొన్నా, నీకి ఆ లైసెన్సు వస్తే రానీ అనుకొని. నువ్వు చూస్తే ముందే ఆ సారు దగ్గిర చెప్పుకొనేసి వచ్చినావు."

"నీ తప్పు లేదని చెప్పినాను ఫిలో. నీకి తెలీదనే రాయించినాను."

ఆమె చెయ్యి అప్పుడు ఆగింది.

"నాకి తెలీదని నువ్వెట్ల చెప్తావు?" గొంతు పెద్దది చేయలేదు. "నన్ను అడిగినావా? అదీ అబద్ధమే కదా. ఇంగొగటి. నిజం చెప్పే దినం గూడా నాకి తెలీదంటివి. పదకొండు నెలలు ఒగరూ నన్ను అడగలేదు. సంతకం పెట్టమంటిరి, పెట్టినాను. నీకి తెలుసునా అని ఒగరూ అడగలేదు."

 ఆమె లేచి వసారాలోకి వెళ్ళి, ఆ రోజు అన్నం ఆమే వండింది. వడ్డించింది. తను తినలేదు.

* * *

శనివారం రాయ్ తలుపు దగ్గరగా వేసి మాట్లాడాడు. "నాకు ముందే చెప్పుంటే ఏదో ఒకటి చేసేవాణ్ణి కదా అమోసూ," అన్నాడు. ఏం చేసేవాడో చెప్పలేదు. రాత్రే ఫోన్లు చేసి కుదిర్చాడట, రేపే మంగళూరు నుంచి సోనియా అని కొత్త కౌన్సిలర్ వస్తోంది. చదువుకున్న అమ్మాయి, లైసెన్సు ఉంది. అమోసు కావాలంటే అటెండరుగా ఉండవచ్చు. అమోసు ఉంటానన్నాడు. హాల్లోకి వెళ్ళి తడిగుడ్డతో బోర్డు మీది తన అంకె తుడిచాడు. మంచాల మీదినుంచి తొమ్మిది మంది చూశారు. పదకొండు నెలలు అని రాశాక చెయ్యి దింపుతుంటే, మునిశామప్ప, "పేరు కిందికి రాలేదే," అన్నాడు. అక్కడ పేర్లన్నీ ఎవరికెక్కువ రోజులయితే వాళ్ళు పైన అన్న వరసలో ఉన్నాయి. అమోసు తన పేరు పూర్తిగా తుడిచి, కింద, ఐదో వరసలో రాశాడు.

ఆదివారం చర్చిలో పూజప్పుడు సత్ప్రసాదానికి అందరూ లేచి వరసలో నిలబడినప్పుడు ఫిలోమినా లేవలేదు. నిన్న పాపసంకీర్తనానికీ వెళ్ళలేదు, ఒప్పుకోని పాపంతో సత్ప్రసాదం తీసుకోకూడదు. మోకాళ్ళ మీద ఉండి, వెళ్ళేవాళ్ళకు దారి ఇవ్వడానికి పక్కకు జరిగింది. అమోసు రెండు వరసల వెనక నుంచి చూశాడు. పూజ అయ్యాక అతను డ్యూటీకి సెంటరు దారి పట్టాడు. కొంతదూరం నడిచాక వెనక చెప్పుల చప్పుడు వినిపించి తిరిగి చూస్తే ఆమె వస్తోంది.

"యాడికి?"

"ఆదివారం ఆడోళ్ళ మీటింగు ఉంటాది కదా, మీ సెంటర్లో."

ఉంటుంది. ప్రతి ఆదివారం పదకొండు గంటలకు పేషెంట్ల పెళ్ళాలు, తల్లులు వచ్చి వెనక వరండాలో చాప మీద కూర్చుంటారు. ఒక్కొక్కరే తమ సంగతి చెప్పుకుంటారు. తొమ్మిదేళ్ళలో ఫిలోమినాను అమోసు ఎన్నోసార్లు రమ్మన్నాడు. మా ఇంట్లో పేషెంటు లేడు కదా అనేది. ఇప్పుడు రావద్దనడానికి నోరు రాలేదు.

వరండాలో ఆరుగురు ఉన్నారు. చిన్నవెంకటమ్మ క్యాసంబళ్ళి నుంచి మొదటి బస్సుకే వచ్చి, గోడ పక్కన కూర్చుంది. సోనియా కుర్చీలో కూర్చుని ఒడిలో నోట్‌బుక్కు తెరిచింది. పాతికేళ్ళు ఉంటాయేమో. అందరికీ నమస్కారం పెట్టింది. ఆమెకు కన్నడం వచ్చు, తెలుగు రాదు. ఈ ఆడవాళ్ళకు కన్నడం తెలిసినా, మనసులో మాట వచ్చేది తెలుగులోనే. అందుకని రాయ్ అమోసును పక్కన నిలబడి కన్నడంలోకి మార్చి చెప్పమన్నాడు. టీ కెటిలు, గ్లాసుల పళ్ళెం పట్టుకుని అమోసు కుర్చీ వెనక నిలబడ్డాడు.

మొదట చిన్నవెంకటమ్మ మాట్లాడింది. రెండు దినాల నుంచి మొగుడు చీటీ అడగలేదని, రాత్రి రెండు ముద్దలు తిన్నాడట అని చెప్పింది. ఇంతకు ముందూ రెండు తడవలు ఇట్లనే తిన్నాడు, నమ్మేకి భయంగా ఉండాది అంది. అమోసు కన్నడంలో చెప్పాడు. సోనియా రాసుకుంది. తర్వాతి మనిషి వైపు చూసింది.

"నా పేరు ఫిలోమినా," అందామె. అమోసు వైపు చూడలేదు. సోనియాను చూస్తూ తెలుగులోనే చెప్పింది. "మా ఆయన తొమ్మిదేండ్లుగా తాగడు. మధ్యలో ఒగ దినం తాగినాడు. నాకి చెప్పలేదు. నేనూ అడగలేదు."

అమోసు ఆ నాలుగు ముక్కలూ కన్నడంలో చెప్పాడు. గొంతు మామూలుగానే వచ్చింది.

"ఆ దినం నుంచి నేను రైలు దిగి ఇంటికి వస్తానే ఆయన మొకం చూసేది లేదు. ముందు వాసన చూస్తాను. నీళ్ళు అడిగే మాదిరి, చెంబు తీసుకొనే మాదిరి దగ్గిరికి పొయ్యి వాసన చూస్తాను. లేదంటే అప్పుడు కాళ్ళు కడుక్కొంటాను, తింటాను. పదకొండు నెలలు. అన్నం వండి పెట్టి నా కోసరం కాచుకొని ఉండే మనిషిని, దొంగను చూసే మాదిరి చూసినాను."

 సోనియా పెన్ను పట్టుకుని అమోసు మాట కోసం ఎదురుచూస్తోంది.

"ఆమెకు చాలా భయంగా ఉండేదట," అన్నాడు అమోసు కన్నడంలో.

"అట్ల కాదు నేను చెప్పింది," అంది ఫిలోమినా. ఫ్యాక్టరీలో రోజంతా కన్నడమే మాట్లాడే మనిషి. "చెప్పింది చెప్పినట్టు చెప్పు."

చిన్నవెంకటమ్మ తలెత్తి ఒకసారి ఆమెనూ, ఒకసారి అమోసునూ చూసింది. అమోసు గ్లాసుల పళ్ళెం కిటికీ గట్టు మీద పెట్టాడు. చేతులు ఖాళీ అయ్యాక ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మొదటినుంచి చెప్పాడు. రైలు దిగడం చెప్పాడు, నీళ్ళ చెంబు చెప్పాడు, వాసన చెప్పాడు. దొంగ అన్న మాట దగ్గర ఆగాడు. కన్నడంలో ఆ మాట అతనికి తెలియక కాదు. చెప్పాడు.

సోనియా తల వంచుకుని వేగంగా రాస్తోంది. రాస్తూనే అడిగింది, "ఆమె భర్త ఇప్పుడు ఎక్కడున్నారు? ఇక్కడే, వార్డులోనా?"

ఆడవాళ్ళు ఒకరి వంక ఒకరు చూసుకున్నారు. 

"నేనే మేడమ్," అన్నాడు అమోసు.

సోనియా చేతిలో పెన్ను ఆగింది. ఆమె వెనక్కి తిరిగి అతన్ని, తర్వాత చాప మీద కూర్చున్న ఫిలోమినాను చూసింది. ఇంకెవరితోనైనా చెప్పిద్దామా అన్నట్టు చుట్టూ చూసింది. అక్కడ ఇంకెవరూ లేరు.

"ఇంగా ఉండాది," అంది ఫిలోమినా. ఈసారి అమోసు మొహంలోకి చూసి చెప్పింది. "రాసుకోమని చెప్పు."

అమోసు సోనియా వైపు తిరిగాడు.